అగ్నిపర్వతములపై ఆకాశపు కావలి

అగ్నిపర్వతములకును గుంటూరుసీమ మిరపచేలకును ఏమి సంబంధమని మా పాఠకులు కొందరు ప్రశ్నింపవచ్చును. కొండవీడు గాని కోటప్పకొండ గాని నిప్పులు గ్రక్కినట్లు మన పెద్దలెవ్వరును చెప్పలేదు. 2025 నవంబరు 23వ తేదీన ఇథియోపియా దేశపు అఫార్ ప్రాంతమున హేలీ గుబ్బి యను కొండ బ్రద్దలై, దాని బూడిద అరబ్బీసముద్రమును దాటి మరునాటి రాత్రికే గుజరాతు, రాజస్థానము, ఢిల్లీల ఆకాశమును కమ్మి, కొన్ని విమానములు నిలిచిపోయినప్పుడు మనవారు దానినొక వింతవార్తగా చదివి పత్రికను మడిచి ప్రక్కన బెట్టిరి. కాని మన జిల్లా చరిత్రలోని యొక భయంకరాధ్యాయమునకును, వేల మైళ్ల దూరమున బ్రద్దలైన యొక కొండకును సంబంధముండవచ్చునని ఇటీవల శాస్త్రజ్ఞులు చూపిరి. ఆ సంగతి తెలిసికొన్న పిమ్మట అగ్నిపర్వతము పరదేశపు వేడుక కాదనియు, దానిని ఆకాశమునుండి కనిపెట్టి యుండుట మన పంటల కావలిలో నొక భాగమనియు పాఠకులే ఒప్పుకొందురు.

మొదట మన నేలనే చూతము. కృష్ణాతీరపు నల్లనేలలలో కొంతపాలు ఆ నది తెచ్చి పరచిన ఒండ్రు. ఆ నది పుట్టిన మహాబలేశ్వరపు కొండలు ఆరున్నర కోట్ల సంవత్సరములకు పూర్వము పొరలు పొరలుగా పొంగి గట్టిపడిన లావాయే. రాజమహేంద్రవరము చెంత కాటేరు, పంగిడి ప్రాంతములందలి నల్లరాయియు ఆ కాలపు లావాయే. నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురము వద్ద నేల త్రవ్వినవారికి తెల్లని బూడిదపొర కనబడినది. కొన్నిచోట్ల అది రెండు మీటర్లకు మించిన మందము కలది. సుమత్రా ద్వీపమందలి తోబా యను మహాగ్నిపర్వతము సుమారు 74 వేల సంవత్సరములకు పూర్వము బ్రద్దలైనప్పుడు వచ్చిపడిన బూడిద అది. దూరపు కొండల నిప్పు మన నేలకు మేలును చేసినది, కీడును తెచ్చినది. అది మనకు క్రొత్త చుట్టము కాదు.

ఇక ఆ భయంకరాధ్యాయము సంగతి. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు జిల్లాలో వచ్చిన కరువును మన ముత్తాతలు మరువలేదు. వానలు తప్పినవి. చేలు ఎండినవి. పశువులు చచ్చినవి. జనులు ఊళ్లు విడిచి మద్రాసు త్రోవ పట్టిరి. అనేకులు ఆ త్రోవలోనే కూలిరి. జిల్లాలో సుమారు ఐదు లక్షలుండిన జనములో మూడవవంతు వరకు నశించిరని అంచనాలు కలవు. తరువాత బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుటకు ఈ కరువు నేర్పిన పాఠము కారణములలో నొకటి. ఆ యానకట్ట 1855లో పూర్తియైనది. వానలేల తప్పినవని యడిగినచో ఆనాటి వారికి తోచిన సమాధానము దైవికము అన్నదొక్కటే.

ఆ ప్రశ్నకు క్రొత్త వెలుగు 2025లో వచ్చినది. 1831 వేసవిలో ప్రపంచమున ననేకచోట్ల సూర్యుడు నీలముగను, ఆకుపచ్చగను కనబడెనని వ్రాతలున్నవి. గ్రీన్లాండు మంచుపొరలలో ఆ సంవత్సరపు పొర గంధకముతో నిండియున్నది. ఎచ్చటనో పెద్ద యగ్నిపర్వతము బ్రద్దలైనదని అందరకును తెలియును. ఎచ్చటనో ఎవరికిని తెలియదు. స్కాట్లండులోని సెంటాండ్రూస్ విశ్వవిద్యాలయపు విలియం హచిసన్ గారును, వారి సహచరులును ఆ మంచులో చిక్కిన కంటికానని బూడిద రేణువులను ఏరి, వాని కూర్పును పోల్చి చూచి, అది జపానునకు ఉత్తరమున కూరిల్ ద్వీపములలో సిముషిర్ అను నిర్జన ద్వీపమందలి జవరిట్స్కీ పర్వతమని తేల్చిరి. ఆ యుద్గారము వలన ఉత్తరార్ధగోళము ఒక డిగ్రీ వరకు చల్లబడెననియు, పిమ్మటి సంవత్సరములలో భారతదేశమునను, జపానునను, ఐరోపాలోను వచ్చిన కరువులకు అది కారణమై యుండవచ్చుననియు వారు సూచించిరి.

వారు 'యుండవచ్చును' అనిరే కాని 'అయినది' అనలేదు. ఆ జాగ్రత్త మనకును అవసరము. నందన కరువు దోషమంతయు ఒక కొండమీదికి నెట్టుట న్యాయము కాదు. వాన తప్పుట ప్రకృతి పని. వాన తప్పినను శిస్తు తప్పకుండుట కుంఫిణీవారి పని. గాదెలు ముందే ఖాళీయైన రైతును ఒక దుర్భిక్షపు వత్సరము చంపును. గింజ నిలువయున్న రైతును బాధించునే గాని చంపలేదు. అయినను వాన తప్పబోవునని ముందు తెలిసియున్నచో, వినదలచిన ప్రభుత్వమొకటి యున్నచో, కొన్ని వేల ప్రాణములైనను నిలిచెడివి కదా! ఈ 'ముందు తెలియుట' యను విషయమును గూర్చియే మేమిప్పుడు వ్రాయుచున్నాము.

దూరమున కొండ బ్రద్దలైన మన వాన ఏల తగ్గవలెను? బూడిద కొలది దినములలో నేలకు దిగిపోవును. దిగనిది సల్ఫర్ డయాక్సైడ్ అను గంధకపు వాయువు. ఉద్గారము బలమైనదైనచో ఆ వాయువు మేఘమండలమును దాటి స్ట్రాటో ఆవరణమును చేరి, అచ్చట సన్నని ఆమ్లబిందువులుగా మారి, భూమిపై తెల్లని పలుచటి తెరవలె ఒకటి రెండు సంవత్సరములు నిలుచును. ఆ తెర సూర్యకాంతిలో కొంత భాగమును వెనుకకు మరల్చును. నేల సముద్రముకంటె త్వరగా చల్లబడును. వేడెక్కిన నేల సముద్రపు తేమగాలిని తనవైపునకు లాగుటయే నైరృతి ఋతుపవనమునకు మూలము. నేల చల్లబడినచో ఆ లాగుడు సడలును. 1991 జూనులో ఫిలిప్పీన్సునందలి పినటూబో బ్రద్దలైన పిమ్మట భూగోళము సుమారు అర డిగ్రీ చల్లబడినది. 1992లో ప్రపంచపు నేలలపై వర్షమును, నదులలో నీరును తగ్గినట్లు లెక్కలు తేల్చినవి. ప్రతి యుద్గారమును మన వానను చెరుపదు; ఎల్ నినో మొదలగు ఇతర కారణములు తోడగుట, ప్రతికూలించుట కలదు. అయినను పెద్ద యుద్గారము జరిగిన మరుసటి వానకాలమును రైతు అనుమానముతో చూడవలసినదే.

1831లో ఆ కొండ బ్రద్దలగుటను వ్రాసియుంచిన వారు లేరు. దాని జాడ తీయుటకు దాదాపు రెండు వందల సంవత్సరములు పట్టినది. నేడు ఆ కాలము గంటలలోనికి దిగినది. ఉపగ్రహములు నాలుగు విధములుగ కొండలను కనిపెట్టుచున్నవి. మొదటిది వేడిమి. మన కంటికి కనబడని పరారుణ కిరణములను పట్టు యంత్రములు, చీకటిలో కుంపటిని గుర్తించినట్లు, కొండబిలమున లావా పైకి వచ్చుటను గుర్తించును. 1999లోను 2002లోను ఎగిరిన టెర్రా, ఆక్వా యను అమెరికా ఉపగ్రహములు ఇట్టి వేడి బిందువులను భూగోళమంతటను ఏండ్ల తరబడి నమోదు చేసినవి. రెండవది గంధకపు వాయువు. 1978లో ఓజోనును కొలుచుటకై పంపిన యొక యంత్రము, 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్ బ్రద్దలైనప్పుడు, గంధకమును సైతము కొలువగలదని తేలినది. పినటూబో ఆకాశమునకెత్తిన వాయువు కోటిన్నర మొదలు రెండు కోట్ల టన్నులని తెలిపినది అట్టి యంత్రమే. మూడవది బూడిదమేఘము. భూమితో సమానముగ తిరుగుచు ఒకేచోట నిలిచినట్లుండు వాతావరణోపగ్రహములు నిమిషముల వ్యవధిలో చిత్రములు తీయును. 2022 జనవరి 15వ తేదీన టోంగా దీవులలో సముద్రగర్భపు కొండ ప్రేలినప్పుడు దాని పొగ 57 కిలోమీటర్ల యెత్తునకు లేచెనని తేల్చినవి ఈ చిత్రములే.

నాలుగవది అన్నిటికంటె సూక్ష్మము. పాలు పొంగుటకు ముందు మీగడ లేచినట్లు, లావా పైకి వచ్చుటకు ముందు కొండ యుబ్బును. ఆ యుబ్బు కొన్ని సెంటీమీటర్లే కావచ్చును; క్రిందనున్న వానికి కనబడదు. ఉపగ్రహము రాడారు తరంగములను పంపి, అవి తిరిగివచ్చిన తీరును గుర్తించి, కొన్ని దినముల పిమ్మట మరల అదేచోట పంపి, రెంటికి నడుమనుండు భేదముచే ఆ యుబ్బును లెక్కించును. పగలు రాత్రి భేదము గాని, మబ్బు అడ్డు గాని దానికి లేదు. కొండ లోపల ఏమి జరుగుచున్నదో బ్రద్దలగుటకు ముందే కొంత తెలియజేయగల సాధనమిది.

ఈ విద్యలో మన తెలుగునేల పాత్ర స్వల్పము కాదు. 2025 జులై 30వ తేదీన మన శ్రీహరికోటనుండి లేచిన నైసార్ అను ఉపగ్రహము భారత, అమెరికా అంతరిక్షసంస్థలు రెండును కలసి నిర్మించినది. పండ్రెండు మీటర్ల వ్యాసముగల గొడుగువంటి రాడారు అద్దము దానికి కలదు. భూమిమీది నేలను, మంచును దాదాపు అంతటిని పండ్రెండు దినములలో రెండు మార్లు పరిశీలించుటకు అది ఏర్పడినది. దాని పొడుగు తరంగములు చెట్ల గుబురును దూరి నేలను తాకును. అడవులు కప్పిన ఉష్ణదేశపు కొండలకు ఇది ముఖ్యము. మన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము హైదరాబాదులో నున్నది. ఉపగ్రహముల సమాచారమును అందుకొను దాని యాంటెనాలు షాద్‌నగరులో నున్నవి. సునామీ హెచ్చరికలు జారీచేయు కేంద్రమును 2007 నుండి హైదరాబాదులోనే పనిచేయుచున్నది. కన్ను మన యింటనున్నది. ఆ కన్ను చూచినది మన చెవికి చేరుచున్నదా యనునదే ప్రశ్న.

మన దేశమునకును ఒక సజీవాగ్నిపర్వతము కలదు. అండమానులో, శ్రీవిజయపురమని 2024లో పేరుమార్చిన పోర్టుబ్లెయిరుకు ఈశాన్యమున సుమారు 135 కిలోమీటర్ల దూరమున బారెన్ ద్వీపమున్నది. మూడు కిలోమీటర్ల అడ్డుకొలత గల నిర్జన ద్వీపము. 1787లో అది మండుచున్నట్లు తొలివ్రాత కలదు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ల తరువాత చిరకాలము నిద్రించి 1991లో మేల్కొన్నది. ఆనాడు రాత్రివేళ ఉపగ్రహము తీసిన చిత్రములతో దాని వేడిమిని లెక్కించి మన శాస్త్రజ్ఞులు 1993లో ప్రకటించిరి. అది మనకు గర్వకారణము. ఆ పిమ్మట 2005లోను, 2017లోను, 2025 సెప్టెంబరులోను ఆ కొండ పొగయు నిప్పును వెడలగ్రక్కినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వెళ్లి అండమానులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. ఆ సముద్రమే వారి జీవనాధారము.

అయితే ఆ కొండ బూడిదను గూర్చి విమానములకు హెచ్చరిక వెలువడునది ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రమునుండి. హేలీ గుబ్బి బూడిద మనమీదికి వచ్చుచున్నదని తెలిపినది ఫ్రాన్సులోని టూలూజ్ కేంద్రము. ప్రపంచమున నిట్టి కేంద్రములు తొమ్మిది కలవు. మన దేశమున నొక్కటియు లేదు. అంతర్జాతీయముగ చేసికొన్న యేర్పాటు చొప్పున వారు తమ పనిని శ్రద్ధగా చేయుచున్నారు. వారిని మేము తప్పుపట్టము. కాని ఉపగ్రహములను నిర్మించి, మన గడ్డనుండియే ఎగురవేసి, ఇతర దేశముల ఉపగ్రహములను సైతము మోసికొనిపోవు జాతి తన పెరటిలోని పొగను పొరుగువారు చెప్పగా వినుట మన స్థితికి తగినది కాదు.

చూచుట వేరు, చదువుట వేరు. 2010లో జావాలోని మెరాపి కొండ శిఖరమున లావా దిబ్బ వేగముగ పెరుగుచుండుటను రాడారు ఉపగ్రహములు పట్టి యిచ్చినవి. అక్కడి అధికారులు నేలమీది యంత్రముల సాక్ష్యముతో దానిని జోడించి చదివి ఇరువది కిలోమీటర్ల మేర జనమును తరలించిరి. మూడువందల యేబదికి పైగా మరణించినను, పదివేలు మొదలు ఇరువదివేల ప్రాణములు దక్కినవని లెక్క. ఎనిమిదేండ్లకు, 2018 డిసెంబరు 22వ తేదీ రాత్రి, అదే దేశమున అనక్ క్రకటోవా కొండ నైరృతిపు ప్రక్క సముద్రములోనికి జారిపడి, లేచిన కెరటము నాలుగు వందలకు పైగా జనులను మ్రింగినది. పెద్ద భూకంపము లేదు గావున భూకంపమును బట్టి హెచ్చరించు ఏర్పాటు మ్రోగలేదు. పిదప శాస్త్రజ్ఞులు పాత చిత్రములను తిరుగవేయగా, ఆ ప్రక్క నెలల తరబడి మెల్లగా సముద్రమువైపు జరుగుచున్నట్లు ఉపగ్రహములు నమోదు చేసియే యున్నవి! కన్ను చూచినది, చదివి, వెంటనే చెప్పు బాధ్యత గలవాడు లేడు.

ఈ పాఠము మనకు పరాయిది కాదు. 1977 నవంబరు 19వ తేదీన నిజాంపట్టణము, దివిసీమ తీరములను ముంచిన ఉప్పెనలో పదివేల వరకు జనులు మరణించిరి. తుపాను వచ్చుచున్నదని తెలియని నాడు కాదది. తెలిసినది తీరపు గుడిసెకు తగిన వేళకు, తగిన మాటలలో చేరలేదు. అటుపిమ్మట ఉపగ్రహ చిత్రములు, రేడియో, తుపాను షెల్టర్లు, గ్రామములను ముందుగా ఖాళీచేయించు నియమము ఒకదానికొకటి జతపడగా తుపానుల మృతుల సంఖ్య ఎంత తగ్గినదో పాఠకులకు విదితమే. తుపాను విషయమున చేసినది అగ్నిపర్వతము విషయమున చేయలేమా?

బారెన్ ద్వీపము మన తీరమునకు 1,400 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది, అది చిన్నకొండ, దానివలన బాపట్లకో చీరాలకో ముప్పు వచ్చి పడుచున్నదని మేము భయపెట్టదలచలేదు. అరుదైన ఆపదకు ధనమేల యని కొందరనవచ్చును. ఆకాశమున ఉపగ్రహములు ఇప్పటికే తిరుగుచున్నవి. వాని సమాచారములో పెక్కుభాగము ఎల్లరకును ఉచితముగ లభించుచున్నది. ఇక కావలసినది చదువువారి జీతమును, చెప్పువారి శ్రద్ధయు మాత్రమే. ఎకరమునకు లక్ష రూపాయలకు మించి పెట్టుబడి పెట్టి మిరప నాటు రైతునకు ఒక్క చెడ్డ వత్సరము ముందుగా తెలియుట ఎంత విలువయో గుంటూరు మిర్చియార్డులో నిలుచున్న యే వర్తకుడైనను చెప్పగలడు.

కావున ప్రభుత్వములను మేము కోరునది మూడు విషయములు. మొదటిది, బారెన్ ద్వీపమును కనిపెట్టి యుండు బాధ్యత ఏ శాఖదో స్పష్టముగ నిర్ణయించి, ఉపగ్రహపు చూపునకు తోడుగ భూకంపములను, వాయువులను కొలుచు యంత్రములను అచ్చట ఎడతెగకుండ నడిపి, ఆ వివరములను ఎప్పటికప్పుడు ప్రజలకు ప్రకటింపవలెను. ఉపగ్రహము ఒక్కటే చాలదు. అది పోయి మరల వచ్చులోపల కొండ తన పని తాను చేసికొనగలదు. కొండ ప్రక్క జారినచో భూకంపము లేకయే కెరటము లేవగలదను సంగతిని సునామీ కేంద్రపు లెక్కలలో చేర్చవలెను. రెండవది, ప్రపంచమున ఎచ్చట పెద్ద యుద్గారము జరిగినను, అది స్ట్రాటో ఆవరణమునకు ఎత్తిన గంధకమెంతయో ఉపగ్రహములు తెలిపిన కొలది వారములలో, రాబోవు ఋతుపవనమునకు దానివలన కలుగగల మార్పును వాతావరణశాఖవారు లెక్కించి, నిశ్చయమెంత, సందేహమెంత అనుదానిని దాచక చెప్పవలెను. నాగార్జునసాగరమున నీటిని నిలువచేయుటలోను, ధాన్యమును సేకరించుటలోను ఆ లెక్క పనికిరావలెను.

మూడవది మన ప్రాంతమునకు సంబంధించినది. గుంటూరు చెంత లాం గ్రామమున ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కార్యస్థానము కలదు. మన పత్తి, మిరప వంగడములకు పేరొందిన పరిశోధనక్షేత్రమును అచ్చటనే యున్నది. ఉపగ్రహపు మాటను రైతు మాటగ మార్చుటకు అంతకంటె తగిన స్థానము వేరొకటి లేదు. 'ఈ యేడు వాన తగ్గవచ్చును, తక్కువ కాలపు పైరు వేయుడు, అప్పు తెచ్చి మిరప విస్తీర్ణమును పెంచకుడు' అను మూడు ముక్కలు తేట తెలుగులో, విత్తనము కొనక మునుపు, పల్నాటి మెట్టకును, ప్రకాశము జిల్లా ఎఱ్ఱనేలలకును చేరవలెను. విత్తనము చల్లిన పిమ్మట వచ్చు హెచ్చరిక హెచ్చరిక కాదు, పరామర్శ.

మా పాఠకులలో భూస్వాములును, వర్తకులును, న్యాయవాదులును, ఉపాధ్యాయులును కలరు. వారికిని మా విన్నపమొకటి కలదు. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచిన దినమున చప్పట్లు కొట్టుటతో మన పని ముగియలేదు. అది ఏమి చూచెను, ఎవరికి చెప్పెను అని శాసనసభ్యుల నడుగుట, రైతుసంఘములలో చర్చించుట మన విధి. నందన సంవత్సరమున మన ముత్తాతలు తమకేల ఈ గతి పట్టినదో తెలియకయే ప్రాణములు విడిచిరి. వారికి ఆకాశమున కన్ను లేదు; తమ మొర వినవలసిన ప్రభుత్వము తమది కాదు. నేడు కన్ను మనది, ప్రభుత్వము మనది. ఇంకను ముందు తెలియలేదని చెప్పు హక్కు మనకు లేదు.